కిటికీ పక్క మంచం

"అక్కడి ముసలాళ్ళతో నవ్వుతూ మాట్లాడతావట. ఇక్కడ మా అమ్మ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదేం?"

అత్తగారిని ఒక పక్కకి ఒత్తిగిల్లబెట్టి, తడిసిన దుప్పటి సగం చుట్టి, పొడి దుప్పటి పరుస్తుంటే వెనకనుంచి భర్త అన్న మాట అది. గుమ్మంలో నిలబడి, ఒక చేతిలో టీ కప్పు, రెండో చేతిలో ఫోను పట్టుకుని అన్నాడు. ఆ రెండు చేతుల్లో ఒకటి ఖాళీ చేసుకుని దుప్పటి కొస పట్టుకుందామన్న ఆలోచన ఆయనకి రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆమె కూడా ఎదురుచూడలేదు.

జవాబు ఉంది ఆమె దగ్గర. నవ్వడానికి కూడా ఒంట్లో కాస్త ఓపిక మిగలాలి, లేవగానే మీ అమ్మ, ఆ తర్వాత వంట, గిన్నెలు, బట్టలు, బస్సు, అక్కడ పొద్దుగూకేదాకా పెద్దవాళ్ళు, మళ్ళీ బస్సు, మళ్ళీ మీ అమ్మ, ఇందులో ఎక్కడ నవ్వమంటారో మీరే చెప్పండి అని. ఈ జవాబు ఆమె చాలాసార్లు మనసులో చెప్పింది. బస్సులో కూర్చోవడానికి చోటు దొరికిన రోజు ఇంకా బాగా చెప్పింది. ఆయన ముందు మాత్రం "కాస్త జరగండి, బకెట్ తీసుకెళ్ళాలి" అంది. ఆయన జరిగాడు. ఆపాటి సాయం ఎప్పుడూ చేస్తాడు, పాపం.

అత్తగారు కళ్ళు మూసుకునే ఉంది. ఆవిడకి నోరు బాగానే ఉంది, పడిపోయింది నడుమే. కోడలు ఒక్క ఊపున ఇటునుంచి అటు తిప్పినప్పుడల్లా పళ్ళ బిగువున ఒక మూలుగు మూలిగి ఊరుకుంటుంది. నెమ్మదిగా తిప్పాలని కోడలికీ తెలుసు. కానీ నెమ్మదిగా చేస్తే బస్సు వెళ్ళిపోతుంది.

ఆమె పని చేసేది మంచాన పడ్డ పెద్దవాళ్ళని చూసుకునే హోమ్‌లో. అందరికంటే వయసులో పెద్దది కాబట్టి అక్కడ అందరూ పెద్దక్క అంటారు. కిందటేడు ఆ హోమ్‌లో 'మనసుతో సేవ' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. ట్రైనింగ్ ఇచ్చే అమ్మాయి ఒకతి వచ్చి, ఆయాలనీ నర్సులనీ గుండ్రంగా కూర్చోబెట్టి నేర్పింది. తలుపు తట్టి లోపలికి వెళ్ళాలి. నిలబడి మాట్లాడకూడదు, స్టూలు లాక్కుని, మన కళ్ళూ వాళ్ళ కళ్ళూ ఒకే ఎత్తులో ఉండేట్టు కూర్చోవాలి. అడిగి ముట్టుకోవాలి. లేవండి అనకూడదు, లేద్దామా అనాలి. ఇదంతా విని వంటావిడ, "మా ఇంట్లో ఎవరైనా నన్ను ఇలా చూస్తారంటే నేనూ మంచాన పడతానమ్మా" అంది. ఆయాలందరూ పడీ పడీ నవ్వారు. ట్రైనింగ్ అమ్మాయి కూడా నవ్వింది గానీ వీళ్ళు ఎందుకంత నవ్వుతున్నారో ఆ అమ్మాయికి అర్థమైనట్టు లేదు.

పైపై మెరుగులని చాలామంది తీసిపారేశారు. పెద్దక్క మాత్రం మనసు పెట్టి నేర్చుకుంది, ఎందుకంటే అది పనిచేస్తుందని కళ్ళారా చూసింది. మాట పడిపోయిన ఒక పాత లారీ డ్రైవరు ఉండేవాడు, ఎవరు ముట్టుకున్నా చెయ్యి విసిరేవాడు. ఒక నర్సు కళ్ళజోడు కూడా విరగ్గొట్టాడు. పెద్దక్క ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని, "గడ్డం గీయనా నాన్నా?" అని అడిగి, ఆయన తల తిప్పుకుంటే లేచి వెళ్ళిపోయి, మర్నాడు మళ్ళీ అడిగింది. కొన్నాళ్ళకి ఆయనే గడ్డం ముందుకి చాచాడు. ఆ సాయంత్రం బస్సులో ఆమెకి తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. అడిగితే మనిషి ఇంత మెత్తబడతాడా అనుకుంది. తనని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, దిగాల్సిన స్టాపు వచ్చేసరికి ఊరుకుంది.

ఆ కార్యక్రమంలోనే ఇంకో పద్ధతి ఉంది. దాన్ని 'తోడు' అనేవాళ్ళు. ఎవరికైనా చివరి ఘడియలు దగ్గరపడ్డాయంటే, బంధువులు ఉన్నా లేకపోయినా, హోమ్ తరఫున ఒకరు పక్కన కూర్చోవాలి. ఊపిరి ఆగేదాకా లేవకూడదు. వయసులో చిన్న ఆయాలు భయపడి తప్పుకుంటే ఆ పని పెద్దక్క మీదే పడేది. 'ఇక్కడ ఎవరూ ఒంటరిగా పోరు' అని హోమ్ ముందు గోడ మీద అందంగా రాయించారు కూడా.

డైరెక్టర్ మేడం ఆ ఏడు ఒక బహుమతి ప్రకటించింది. 'మనసుతో సేవ'లో అందరికంటే బాగా చేసినవాళ్ళకి హోమ్‌లో ఒక మంచం. ఆ మనిషి అక్కడ పనిచేస్తున్నంత కాలం, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు పైసా కట్టకుండా ఉండొచ్చు. వరండా చివర గదిలో కిటికీ పక్క మంచం. ఆ కిటికీలోంచి పక్కనున్న బడి ఆటస్థలం కనిపిస్తుంది.

ఆ మాట చెవిన పడ్డ క్షణంలో ఆమెకి గుర్తొచ్చింది ఒక్క మనిషే. అమ్మ.

అమ్మ అన్నయ్య దగ్గర ఉంటుంది. వాషింగ్ మెషీన్ పెట్టిన చిన్న గదిలో, మెషీన్‌కి ఆనించి వేసిన మంచం మీద. పక్షవాతం వచ్చి కిందపడ్డ దగ్గర్నుంచీ ఎడమ చెయ్యి, ఎడమ కాలు స్వాధీనంలో లేవు. అన్నయ్య చెడ్డవాడు కాదు, వదినా చెడ్డది కాదు. ఇద్దరూ పొద్దున్నే పనికి వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఫ్లాస్కులో టీ పోసి, కంచం మీద కంచం బోర్లించి, తలుపు బయటనుంచి గడియ పెట్టి వెళ్తారు. మెషీన్ తిరుగుతున్నంతసేపూ మంచం అదురుతూనే ఉంటుంది. "రోజూ రైల్లో పడుకున్నట్టుంటుందే, ఊరే రాదు" అని తల్లి నవ్వుతుంది. ఆమెకి మాత్రం నవ్వు రాదు.

అందుకని ఆ ఏడాదంతా ఆమె ఒళ్ళు దాచుకోకుండా చేసింది. అంతకుముందూ చేసింది, కానీ ఇప్పుడు చేస్తుంటే ఒక ఆశ ఉండేది. పని లేనప్పుడు వరండా చివర గదికి వెళ్ళి నిలబడేది. అమ్మకి కుడి చెయ్యే పనిచేస్తుంది, మంచం తలవైపు ఇటు తిప్పి వేస్తే కుడివైపు కిటికీ వస్తుంది, మంచినీళ్ళు అందుతాయి, పిల్లలు ఆడుకోవడం కనిపిస్తుంది. అమ్మకి పిల్లల గోలంటే ఇష్టం. ఒకరోజు ఎవరూ లేనప్పుడు మంచాన్ని నిజంగానే అటు తిప్పి చూసి, మళ్ళీ మామూలుగా పెట్టేసింది.

బహుమతి ఆమెకే వచ్చింది. అయితే మేడంకి దయ ఎక్కువ. ఇలాంటి శుభవార్త ఇంట్లోవాళ్ళ నోటి వెంట వింటే ఎంత బాగుంటుందో అనుకుని, ఆమెకి చెప్పకుండా ముందు ఇంటికి ఫోన్ చేసింది. ఇంటి నంబరంటే మరి భర్త నంబరే కదా. ఆయన పొంగిపోయి, "మా అమ్మ అదృష్టం మేడం" అన్నాడట. ఆమె విన్నది మాత్రం మర్నాడు హాల్లో, పెద్దవాళ్ళందరినీ చక్రాల కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టాక, మైకులో.

"అత్తగారిని కన్నతల్లిలా చూసుకునే కోడళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ? మన పెద్దక్క ఉంది. ఈ మంచం వాళ్ళ అత్తగారిది."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో కొత్త చొక్కా తొడుక్కుని భర్త కూర్చున్నాడు, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాడు. ఆ రెండు చేతులూ ఒకేసారి ఖాళీగా ఉండగా చూడటం ఆమెకి అదే మొదలు. మైకు తెచ్చి చేతిలో పెట్టారు. మా అమ్మకి అనుకున్నానండీ అనే మాట గొంతు దాకా వచ్చింది. కన్నతల్లిలా అని ఇంకా హాల్లో మోగుతూనే ఉంది. ఆ మాట తర్వాత కన్నతల్లి పేరెత్తితే, చప్పట్లు కొట్టిన చేతులే ముక్కున వేలేసుకుంటాయి. ఆమె అందరికీ థాంక్స్ చెప్పి మైకు ఇచ్చేసింది.

ఇంటికి వెళ్తూ బస్సులో అంది ఆయనతో.

"నేను మా అమ్మకి అనుకున్నానండీ."

"మీ అమ్మకి కొడుకున్నాడుగా."

"మీ అమ్మకీ ఉన్నాడుగా."

"ఎవరు?"

"మీరే."

ఆయన ఒక్క క్షణం అర్థంకాక చూసి, పెద్దగా నవ్వాడు. మంచి జోకు వేశావన్నాడు. నిజానికి ఆమె జోకు వెయ్యలేదు. ఇంటికి వెళ్ళాక, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు కూడా ఫోన్లో నాన్న వైపే మాట్లాడింది. "నానమ్మ అక్కడికి వెళ్తే రెస్టు నీకే కదమ్మా, ఎందుకు బాధ?" అవును, రెస్టు తనకే. లేవగానే దుప్పట్లు ఉతకక్కర్లేదు. తనకి మేలు చేసి మరీ తన మంచం తీసుకున్నారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె గిన్నెలు తోముకుంది.

సొంతవాళ్ళకి సొంతవాళ్ళు సేవ చేయకూడదని హోమ్‌లో రూలు ఉంది. అత్తగారిని వేరే ఆయాలు చూసేవాళ్ళు. వాళ్ళు పెద్దక్క దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. "ఇటు తిరుగుదామా అమ్మమ్మా? నొప్పిగా ఉంటే చెప్పండి, ఆగుతాను" అంటూ ఆవిడని తిప్పేవాళ్ళు. ఇంట్లో ఎప్పుడూ ధుమధుమలాడే మనిషి నెల తిరక్కుండా మెత్తబడింది. జడ వేయించుకుంది. బడి పిల్లలకి కిటికీలోంచి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం కొడుకు చూడటానికి వస్తే, పక్కనే కోడలు నిలబడి ఉండగానే అంది.

"ఈ పిల్లలు బంగారంరా. ఇన్నాళ్ళూ ఇంట్లో నన్ను ముట్టుకునేముందు అడిగినవాళ్ళు ఒక్కళ్ళు లేరు."

ఆయన భార్య వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి తెలుసు. బాధేమిటంటే అత్తగారు అబద్ధం చెప్పలేదు. తన దగ్గర ఉన్న మెత్తదనమంతా హోమ్‌లో ఖర్చయిపోయేది. ఇంటికి చేరేసరికి మిగిలేది రెండు చేతులే. ఆ చేతులతోనే పొరపాటు లేకుండా, పుండు పడకుండా, వాసన రాకుండా ఇన్నేళ్ళు చూసింది. దాన్ని ఏమంటారో మాత్రం ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

వానలు మొదలయ్యాక అన్నయ్య ఫోన్ చేశాడు. అమ్మ తిండి మానేసిందనీ, డాక్టరు ఇంక ఇంట్లోనే ఉంచుకోమన్నాడనీ చెప్పాడు. "రోజులో, వారాలో తెలీదంటున్నారు. మాకు సెలవుల్లేవు. నీకేమైనా వీలవుతుందా?" అని నసిగాడు. అన్నయ్య జీవితంలో మొదటిసారి ఆమెని అడిగాడు. ఆ మాట ఆమె మనసులో పడిపోయింది.

మేడం గదికి వెళ్ళి సెలవు కావాలంది. మేడం లేచి, బల్ల ఇవతలికి వచ్చి, కుర్చీ లాక్కుని, కళ్ళూ కళ్ళూ ఒకే ఎత్తులో ఉండేట్టు కూర్చుంది.

"మీ చెయ్యి పట్టుకోవచ్చా పెద్దక్కా?"

పెద్దక్క తలూపింది.

"మీ బాధ నాకు తెలుస్తోంది. సెలవు లేకేం, ఉంది. జరగకూడనిది జరిగాక మూడు రోజులు ఇస్తాం. జీతం కూడా పట్టుకోం."

"జరగకముందు కావాలండీ నాకు."

"ముందంటే ఎన్నాళ్ళని ఇస్తాం చెప్పండి. ఇద్దరమ్మాయిలు మానేశారు. రెండో గది పెద్దాయనకి ఇవాళో రేపో తోడు కూర్చోవాలి, మీరు తప్ప ఎవరున్నారు?"

"పని మానేస్తే?"

మేడం ఆమె చెయ్యి ఇంకొంచెం మెత్తగా నొక్కింది. "మీ అత్తగారి మంచం సంగతి మీకు తెలిసిందేగా. పాపం, ఇప్పుడిప్పుడే అలవాటు పడ్డారావిడ. ఈ వయసులో కదిలిస్తే తట్టుకోలేరు."

ఒక్క మాట కటువుగా లేదు. గొంతు దించి, తల కాస్త పక్కకి వంచి, మధ్యమధ్య ఆగుతూ మాట్లాడింది. కొత్తగా చేరిన పిల్లలకి అలా మాట్లాడటం నేర్పింది పెద్దక్కే. కాదనేటప్పుడు ఎంత మెత్తగా కాదనాలో కూడా తనే నేర్పింది. ఎవరెవరి పక్కనో కూర్చుంది, వాళ్ళ కొడుకులు దారిలో ఉంటే, కూతుళ్ళు లోపలికి రావడానికి భయపడితే, వాళ్ళ చేతులు పట్టుకుంది. ఎవరూ ఒంటరిగా పోని ఆ ఇంట్లో పనిచేసే మనిషి తల్లి మాత్రం గడియ పెట్టిన గదిలో పోవాలి. ఆ తర్వాత మూడు రోజులు ఏడవడానికి ఇస్తారు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. చెయ్యి వెనక్కి తీసుకుని, "రేపట్నుంచి రాను మేడం" అంది.

వరండా చివర గదికి వెళ్ళింది. అత్తగారు కిటికీలోంచి ఖాళీ ఆటస్థలం చూస్తోంది. వాన పడుతోంది కాబట్టి పిల్లలు లేరు. ఆమె స్టూలు లాక్కుని అత్తగారి పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ పక్కన అలా కూర్చోలేదు. మా అమ్మ పోయేలా ఉంది, నేను పని మానేశాను, మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్తారు, అని ఉన్నదున్నట్టు చెప్పింది. అత్తగారు కిటికీ మీంచి చూపు తిప్పింది.

"ఇంట్లో నన్నెవరు చూస్తారు?"

"మీ అబ్బాయి."

"వాడికేం చేతనవును?"

"చేతకాదు అత్తయ్యా."

తను చేస్తున్నది అన్యాయమేనని ఆమెకి తెలుసు. ఆ మంచం మీదనుంచి ఏ తల్లిని దించినా అన్యాయమే.

"మీ చెయ్యి పట్టుకోనా అత్తయ్యా?" అని అడిగింది.

"వద్దు" అంది ఆవిడ, కిటికీ వైపు తిరిగి.

ఆమె పట్టుకోలేదు. కాసేపు కూర్చుని, లేచి వచ్చేసింది.

ఇంట్లో భర్తకి చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక సోఫాలోంచి లేచాడు.

"మా అమ్మని రోడ్డున పడేస్తున్నావన్నమాట."

"ఇంటికే కదండీ వస్తుంది. ఇల్లు రోడ్డా?"

"ఎవరు చెయ్యాలి అవన్నీ? నేనా?"

"అడిగి ముట్టుకోండి. మిగతావి మెల్లిగా వస్తాయి."

ఆయన ఇంకేదో అంటాడనుకుంది. అరుస్తాడనుకుంది. ఆయన మళ్ళీ కూర్చుని, ఫోను తీసి చూసుకుంటూ, "వెళ్ళు. మళ్ళీ రావాల్సిన పని లేదు" అన్నాడు. కరెంటు బిల్లు కట్టావా అని అడిగే గొంతుతోనే అన్నాడు. ఆ గొంతు వినే ఆమెకి భయం వేసింది. కూతురికి ఫోన్ చేస్తే, "నానమ్మ ఏం పాపం చేసిందమ్మా?" అని ఏడ్చింది. ఆమె ఏడవద్దని చెప్పి ఫోను పెట్టేసింది. సంచీలో నాలుగు బట్టలు సర్దుకుంది. ఎక్కడో ఒకచోట ఎవరైనా ఆగమంటారేమో అనుకుంది, ఆగేది కాదు గానీ.

వదిన తలుపు తీసి, "వచ్చావా, బతికించావు" అంది. నిజంగానే అంది. మర్నాడు పొద్దున్న వదిన పనికి వెళ్తూ అలవాటుగా గడియ పెట్టబోయి, గుర్తొచ్చి ఆగింది.

తల్లి ఎముకల గూడులా ఉంది. మాట మాత్రం స్పష్టంగానే ఉంది. కూతురు ఒళ్ళు తుడిచింది, నెమ్మదిగా, ఎక్కడికీ పరుగెత్తాల్సిన పని లేకుండా తుడిచింది. ఇంత నెమ్మదిగా సొంతవాళ్ళని ముట్టుకోవడం ఆమెకి కొత్తగా ఉంది. తల్లి కళ్ళు మూసుకుని ఆ చేతిని పోనిచ్చింది. పొడి బట్ట కట్టి, తల దువ్వి, రెండు చెంచాల నీళ్ళు పట్టాక తల్లి అడిగింది.

"ఎన్నాళ్ళుంటావే?"

"నువ్వున్నన్నాళ్ళూ."

"మీ అత్తగారో?"

"ఇంటికి తీసుకొచ్చుకున్నారు."

"ఆయన ఏమన్నాడు?"

"మళ్ళీ రావద్దన్నాడు."

తల్లి కళ్ళు తెరిచి ఆమె ముఖంలోకి చూసింది. అయ్యో అనలేదు, ఎందుకు చేశావనీ అనలేదు. ఆ కళ్ళలో సంతోషం కనిపించింది, దాని వెనకే ఆ సంతోషానికి సిగ్గు కూడా కనిపించింది. కూతురు వచ్చినందుకు సంతోషపడాలంటే కూతురి ఇల్లు కూలిందని తెలిసి సంతోషపడాలి మరి.

"నేను పోయాక ఎక్కడుంటావే?" అంది చివరికి.

వచ్చే ముందు ఆమె అన్నీ ఆలోచించింది. మందులు ఆలోచించింది, దుప్పట్లు ఆలోచించింది, అత్తగారిని ఎలా తిప్పాలో ఆయనకి ఎవరు నేర్పుతారని కూడా ఆలోచించింది. ఇది మాత్రం ఆలోచించలేదు. గది చుట్టూ చూసింది. గోడకి కొట్టిన తీగ మీద అన్నయ్య చొక్కాలు ఆరుతున్నాయి. వదిన వేసి వెళ్ళిన బట్టలతో మెషీన్ తిరుగుతోంది, మంచం కోళ్ళు సన్నగా అదురుతున్నాయి.

"ఈ మంచం ఖాళీ అవుతుందిగా అమ్మా" అంది.

నవ్విద్దామనే అంది. తల్లి నవ్వలేదు. పనిచేసే చేత్తో మంచం పట్టె పట్టుకుని, గోడవైపు కొంచెం జరిగి చోటిచ్చింది.